లెస్ నోట థాంక్స్

మా కుండరిన్‌లో ఎవరైనా మిమ్మల్ని పొగిడారంటే దానికి రెండే అర్థాలు. మీరంటే వాళ్ళకి గిట్టదని ఒకటి. మీకు రోజులు దగ్గరపడ్డాయని ఎవరో వాళ్ళ చెవిన వేశారని రెండోది. ఈ ముక్క పెర్త్ నుంచి వచ్చిన పెద్దమనిషి మమ్మల్ని అడిగి ఉంటే చెప్పేవాళ్ళమే. ఆయన అడగలేదు.

నా పేరు నోలీన్ హోబ్డే. ఊరి అంబులెన్స్ నాది. నాదంటే కొనుక్కున్నానని కాదు, దాని తాళం నా మెళ్ళో వేలాడుతుంది, అంతే. జీతం లేదు, గీతం లేదు. ఎటు చూసినా గోధుమ చేలే ఉన్న ఊరు మాది. ఆసుపత్రికి పోవాలంటే గంటన్నర పడుతుంది, అదీ దారిలో కంగారూ ఏదీ అడ్డం దూకకపోతే. ఆ గంటన్నరా మనిషిని చావకుండా చూసుకోవడానికి ఊళ్ళోవాళ్ళమే నేర్చుకుని వంతులేసుకుని తిరుగుతాం. టైర్ల కొట్టు ట్రెవ్ స్కిప్సీ, బడి పంతులమ్మ గ్లెనిస్, నేను, ఇంకో ఇద్దరు. మొత్తం ఐదుగురం.

ఐదుగురు చాలరన్నారు పై ఆఫీసు వాళ్ళు. క్రిస్మస్ లోపల ఎనిమిది మంది పేర్లు కనబడకపోతే బండిని పక్క ఊరికి తరలిస్తామన్నారు. పక్క ఊరంటే ఏమీ పక్కన లేదు. అక్కణ్ణుంచి బండి వచ్చేసరికి రోగి చల్లబడి ఉంటాడు.

మిగతా ఊరికి అది ఒక సమస్య. నాకు అది లెస్. లెస్ నా మొగుడు. రెండేళ్ళ కిందట గుండె ఒకసారి మొరాయించింది వాడికి. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "మళ్ళీ వస్తుంది లెస్. ఎప్పుడన్నది చెప్పలేను. వచ్చినప్పుడు అంబులెన్స్ దగ్గర్లో ఉంటే బతుకుతావు. లేకపోతే లేదు."

"దగ్గర్లోనే ఉంటుంది డాక్టర్," అన్నాడు లెస్. "దాని డ్రైవర్ నా మంచం మీదే పడుకుంటుంది."

డాక్టరమ్మ ఎర్రబడింది. నేను సిగ్గుతో చచ్చాను. వాడి నోరు అంతే. పెళ్ళి ప్రమాణాలప్పుడు కూడా పాస్టర్ గారి విగ్గు మీద జోకు వేసిన మనిషి. ఊళ్ళో వాడి నోట పడనివాడు లేడు. పడనివాడెవరైనా ఉంటే, నాలో ఏం లోపముందని బెంగపెట్టుకునేవాడు.

ఆ చలికాలంలో పెర్త్ నుంచి దిగాడు డాక్టర్ పియర్స్ లాత్‌బరీ. మందులిచ్చే డాక్టర్ కాదు. మనిషి కోతి దశ నుంచి ఎలా వచ్చాడో చదువుకుని, ఆ చదువుతో ప్రభుత్వానికి సలహాలిచ్చే డాక్టర్. పొడుగ్గా, తెల్లగా, ఎండ అంటే ఏమిటో ఎరగనట్టుండే కుర్రాడు. చిన్న ఊళ్ళలో వాలంటీర్లు ఎందుకు తగ్గిపోతున్నారో కనిపెట్టి, పెంచడం వాడి పని. మా ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో మీటింగ్ పెట్టాడు. బయట సాసేజీలు కాలుస్తున్నారు కాబట్టి జనం బాగానే వచ్చారు.

"మనం కార్లు నడుపుతున్నాం, ఫోన్లు వాడుతున్నాం," అన్నాడు పియర్స్. "కానీ మన బుర్రలు మాత్రం గడ్డిమైదానాల్లో చిన్న గుంపులుగా తిరిగినవాళ్ళ బుర్రలే."

"మా ట్రెవ్‌ది అంతకంటే పాతదండీ," అన్నాడు లెస్ వెనక వరసలోంచి. "ఒక్కసారీ వాడలేదు కూడా."

హాలంతా గొల్లుమంది. ట్రెవ్ నోట్లో సాసేజీ పెట్టుకుంటూనే వేలు చూపించాడు. ఏ వేలో చెప్పనక్కర్లేదు. పియర్స్ కూడా మర్యాదగా నవ్వి చెప్పుకుపోయాడు. ఊరికే సాయం చేసేవాడు లోకంలో లేడట. ప్రాణానికి తెగించి మాంసం తెచ్చినవాడికి గుంపులో పేరొచ్చేదట. పేరున్నవాడికి నేస్తాలు దొరుకుతారు, పెళ్ళాం దొరుకుతుంది, కాలు విరిగితే కూడు పెట్టేవాళ్ళు దొరుకుతారు. అలా పేరు కోసం పాకులాడినవాళ్ళ పిల్లలమే మనమంతా. పాకులాడనివాళ్ళ వంశాలు అక్కడికక్కడే ఆగిపోయాయి.

"కాబట్టి ప్రభుత్వం నీతులు చెప్పక్కర్లేదు, జీతాలూ ఇవ్వక్కర్లేదు," అన్నాడు. "పేరిస్తే చాలు. నలుగురికీ కనబడేలా ఇవ్వాలి."

గ్లెనిస్ చెయ్యెత్తింది. "నేనూ నోలీన్ కూడా చేస్తున్నాం కదండీ. మాకు పెళ్ళాన్ని ఎవరిస్తారు?"

"దానికి వేరే వివరణ ఉందండీ," అని దానికీ ఏదో చెప్పాడు పియర్స్. ఏది అడిగినా ఆ అబ్బాయి దగ్గర ఒక గడ్డిమైదానం సిద్ధంగా ఉంది. అబద్ధమాడకూడదు, వింటుంటే నాకు నిజమే అనిపించింది. మనిషికి పేరు పిచ్చి ఉండదని ఎవరనగలరు? పైగా నాకు ఎనిమిది పేర్లు కావాలి. సైతానే వచ్చి తెస్తానన్నా కుర్చీ వేసేదాన్ని.

నెల తిరక్కుండా పబ్బు ఎదురుగా బోర్డు లేచింది. మనిషికి రెండింతలెత్తు, పైన లైటు కూడా. "కుండరిన్ వీరుడు" అని పెద్ద అక్షరాలు, కింద ట్రెవ్ స్కిప్సీ ఫోటో. ఫోటో తీసినవాడు అలా నిలబడమన్నాడట, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఆకాశంలో ఏదో శత్రు విమానం వస్తున్నట్టు చూస్తున్నాడు ట్రెవ్.

ఆ సాయంత్రం ట్రెవ్ పబ్బులో అడుగుపెట్టగానే లెస్ టోపీ తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"లేవండ్రా, లేవండి! వీరుడు దయచేశాడు! ప్రభూ, తమరు స్వయంగా నడిచి వచ్చారా? గుర్రం ఏమైంది?"

"లేవరా వెధవా," అన్నాడు ట్రెవ్.

"విన్నారా? నన్ను పేరు పెట్టి పిలిచాడు!"

ఎవరో బల్ల మీద గుడ్డ లాగి ట్రెవ్ భుజాలకి కట్టారు. మర్నాడు బ్రెడ్డు కొనడానికి పోతే కొట్టు అమ్మాయి బ్రెడ్డు మీద సంతకం పెట్టమంది. కొట్లో టైరు మార్పించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ, "వీరులు ఇలాంటి పనులు కూడా చేస్తారా?" అనేవాడు. సొంత తల్లి ఫోన్ చేసి, "ఏరా, నువ్వు అంత గొప్పవాడివని నాకు ఎప్పుడూ చెప్పలేదే," అందట. ఆవిడ నిజంగానే అడిగిందో, ఆవిడ కూడా ఎగతాళి చేసిందో ట్రెవ్‌కి అర్థం కాలేదు. దాంతో బొత్తిగా నీరుగారిపోయాడు.

ఒకరోజు మా ఇంటికొచ్చి యూనిఫాం బల్ల మీద పెట్టేశాడు.

"నన్ను క్షమించు నోలీన్. రోడ్డు మీద పేగులెత్తమను, ఎత్తుతాను. తెల్లారగట్ల లేపు, లేస్తాను. ఆ బోర్డు మీద మాత్రం ఉండలేను. ఏదో నేనే అడిగి పెట్టించుకున్నట్టు చూస్తున్నారు జనం."

తర్వాతి నెల వంతు గ్లెనిస్‌ది. ఫోటో వాడు వస్తున్నాడని తెలిసి, వాడి కారు ఊళ్ళోకి రాకముందే ఆవిడ కూడా మానుకుంది. ఐదుగురం ముగ్గురమయ్యాం. కొత్తగా చేరదామని లోలోపల అనుకుంటున్నవాళ్ళు ఆ బోర్డు చూసి రోడ్డుకి అవతలి పక్క నుంచి నడవడం మొదలుపెట్టారు.

పియర్స్‌కి ఏమీ అంతుబట్టలేదు. లైటు సరిపోలేదేమోనని ఇంకో లైటు పెట్టించాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బోర్డు మీద కాదు, నా మొగుడి మీద. పొద్దున్నే వాడి ముందు టీ కప్పు ఠక్కున పెట్టి నిలదీశాను.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు, తెలుస్తోందా? ట్రెవ్‌ని నువ్వే పోగొట్టావు. రేపు నువ్వు పడిపోతే నిన్నెవడు మోస్తాడు? నీ నోరు మోస్తుందా?"

"నేను ఎప్పుడూ అనేదే కదే అన్నాను!"

"ఎప్పుడూ అనేది వేరు. బోర్డు పెట్టాక అన్నది వేరు. పో, పోయి వాణ్ణి బతిమాలు. నాలుగు మంచి మాటలు చెప్పు. చావవులే."

లెస్ మొహం చూడాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్ళేవాడిలా పెట్టాడు. అయినా వెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నాడు, సాక్ష్యానికి. పబ్బులో ట్రెవ్ ఒక్కడూ మూల కూర్చుని ఉన్నాడు. లెస్ ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ట్రెవ్, నువ్వు చాలా మంచి పని చేస్తున్నావు. నీలాంటివాడు ఊళ్ళో ఉండటం మా అదృష్టం."

ట్రెవ్ గ్లాసు కింద పెట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేం చేశానురా నీకు?"

"ఏం చెయ్యలేదు. నిజంగా అంటున్నాను."

"ముప్పై ఏళ్ళ స్నేహంరా మనది! ఏదన్నా ఉంటే మొహం మీద తిట్టు. ఇలా మాట్లాడతావా నాతో?" గబుక్కున ఏదో స్ఫురించి నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నోలీన్, వీడి రిపోర్టులేమన్నా వచ్చాయా?"

మేం ఇల్లు చేరేలోపు ట్రెవ్ పెళ్ళాం ఫోన్ చేసింది, లెస్‌కి తన మొగుడి మీద కోపమెందుకని. ఆ రాత్రి ఇంకో ఇద్దరు ఫోన్ చేసి లెస్ ఎలా ఉన్నాడని అడిగారు. మంచి మాటలు చెప్పించడం అంతటితో మానేశాను.

కోతల ముందు ఒక శనివారం లెస్ నిచ్చెన వేసుకుని బోర్డెక్కాడు. ఆ నెల వీరుడికి రంగుతో మీసాలు గీద్దామని. పట్టపగలు, ఊరంతా చూస్తుండగానే. పియర్స్ ఆ పూటే ఊళ్ళోకి వచ్చాడు, బోర్డు ఎందుకు పనిచెయ్యడం లేదో చూసుకోవడానికి. కింద నిలబడి, "దయచేసి దిగండి హోబ్డే గారూ, అది ప్రభుత్వ ఆస్తి," అంటున్నాడట. లెస్ ఒక పక్క మీసం పూర్తి చేసి, రెండో పక్క మొదలుపెట్టి, బ్రష్షు వదిలేసి, నిచ్చెన మీంచి వెల్లకిలా పడ్డాడు.

నేను బండి తీసుకుని వచ్చేసరికి పియర్స్ వాడి పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. చొక్కా నిండా ఆకుపచ్చ రంగు. లెస్ మొహం బూడిద రంగులో ఉంది. నా వంతు జతగాడు ఎక్కడో చేలో ఉన్నాడు, ఫోను తియ్యడం లేదు. నేనొక్కదాన్నే బండి నడుపుతూ వెనక మనిషిని చూసుకోలేను. ఇలాంటి క్షణం గురించి రెండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను. తీరా వచ్చేసరికి బండి తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

రోడ్డుకి అవతల టైర్ల కొట్లోంచి ట్రెవ్ పరుగెత్తుకొచ్చాడు. చేతులకి గ్రీజు. యూనిఫాం లేదు, వంతూ లేదు. ఏమీ అడగలేదు. స్ట్రెచర్ రెండో కొస పట్టుకున్నాడు, తాళం నా మెళ్ళోంచి తనే లాక్కున్నాడు, ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వూ ఎక్కవయ్యా!" అని పియర్స్‌ని కాలర్ పట్టి లోపలికి లాగాను.

ఊరు దాటామో లేదో లెస్ గుండె ఆగిపోయింది. ఆగిపోయిందని ఇప్పుడు మామూలుగా చెబుతున్నాను. అప్పుడు నేను ఏమని అరిచానో నాకు తెలియదు, పియర్స్‌ని అడగాలి. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కాను. లోపల ఎముక పటుక్కుమంది. అయినా నొక్కాను. నేను అలిసిపోతే పియర్స్ నొక్కాడు, బక్కప్రాణం, చెమటలు కక్కుతూ, లెక్క తప్పకుండా. మెషిన్ పెట్టి షాక్ ఇచ్చాం. లేవలేదు. మళ్ళీ ఇచ్చాం. గుండె దారికొచ్చింది.

కాసేపటికి లెస్ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, పియర్స్‌ని చూశాడు, ముందు డ్రైవర్ సీటు వైపు చూశాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకి తోసుకున్నాడు.

"ట్రెవ్‌రా అది?"

"నేనే," అన్నాడు ట్రెవ్.

"థాంక్స్‌రా ట్రెవ్."

బండి ఒక్కసారి పక్కకి ఊగి మళ్ళీ దారిన పడింది.

"ఏమన్నాడు?" ట్రెవ్ గొంతు కీచుమంది. "నోలీన్! ఏమన్నాడు వాడు?"

"ఏమీ అనలేదు, నువ్వు రోడ్డు చూడు!"

"మంచోడివిరా నువ్వు," అన్నాడు లెస్.

"నోరు ముయ్యమను! చచ్చిపోతున్నాడు! వాడు చచ్చిపోతున్నాడు నోలీన్!" ట్రెవ్ ఏడుస్తూనే యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ గంటన్నర దారి ఆ రోజు గంటలో పోయాం. నేను మాస్కు వాడి మూతికి అదిమిపెట్టి పట్టుకున్నాను, గాలి కోసం కాదు, వాడు ఇంకొక్క మంచి మాట మాట్లాడకుండా.

ఆసుపత్రిలో వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. నడవాలో పియర్స్, నేను, ట్రెవ్ వరసగా కూర్చున్నాం. పియర్స్ చాలాసేపు తన ఆకుపచ్చ చొక్కా వైపు చూసుకున్నాడు.

"ట్రెవ్ గారు ఎందుకు వచ్చారు?" అన్నాడు చివరికి. "బోర్డు దిగిపోయారు కదా. ఈయన మీకు చుట్టం కూడా కాదు."

"వాడు పడిపోయాడు కదా," అన్నాడు ట్రెవ్. అంతకుమించి ఆ ప్రశ్నలో ఏముందో వాడికి తెలియలేదు.

పియర్స్ తల పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు నాకు, కాలేజీలో చదువుకుని మరిచిపోయిన ముక్క. ఆఫ్రికా ఎడారిలో వేటాడి బతికే వాళ్ళలో ఒకడు పెద్ద జంతువుని కొట్టి తెస్తే మిగతావాళ్ళు ఎగతాళి చేస్తారట. ఈ ఎముకల గూడు కోసమా మమ్మల్ని ఇంత దూరం నడిపించావు, ఇందులో మాంసమేదీ అంటారట. తెచ్చినవాడు కూడా అవునవును, పనికిమాలినదే అనాలట. లేకపోతే వాడికి కళ్ళు నెత్తికెక్కి గుంపు మీద పెత్తనం చేస్తాడని. తిట్టి, అందరూ కలిసి తినేస్తారట.

"నేను చదివాను దాన్ని," అన్నాడు పియర్స్ దీనంగా. "పరీక్షలో రాశాను కూడా."

"మరి బోర్డెందుకు పెట్టావు?"

"బోర్డు పెట్టడానికి డబ్బిచ్చారు. తిట్టడానికి ఇవ్వలేదు."

ఆ అబ్బాయి మంచివాడే. పెర్త్ వెళ్ళి నిజాయితీగా పై వాళ్ళకి చెప్పాడు, బోర్డు తీసేద్దాం, కుండరిన్‌లో వాలంటీర్లని గౌరవించే పద్ధతి ఎగతాళేనని. వాళ్ళు ఆలోచించి సరేనన్నారు, షరతులతో. ఎగతాళి మర్యాదగా ఉండాలి. వయసు, బరువు, జుట్టు, తెలివి, డ్రైవింగ్, పెళ్ళాం, తల్లి, ఫుట్‌బాల్ జట్టు ప్రస్తావనలు రాకూడదు. ముందుగా రాసి కమిటీకి పంపితే మూడు వారాల్లో అనుమతిస్తారు. పియర్స్ ఆసుపత్రికి ఫోన్ చేసి ఇది చదివి వినిపిస్తుంటే లెస్‌కి నవ్వొచ్చి విరిగిన పక్కటెముక పట్టుకుని మెలికలు తిరిగాడు. నర్సు వచ్చి ఫోన్ లాక్కుంది.

ఇంతలో క్రిస్మస్ దగ్గరపడింది. ట్రెవ్ తిరిగి వచ్చాడు కాబట్టి నలుగురం. ఇంకా నలుగురు కావాలి. లెస్ గుండె ఇంక మొరాయించదని నాకెవరూ హామీ ఇవ్వలేదు. నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఊళ్ళోవాళ్ళు లెస్‌ని చూడటానికి ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు. లెస్ వాళ్ళని తిట్టలేదు. గ్లెనిస్ వస్తే చెయ్యి పట్టుకుని, "మా పిల్లలిద్దరికీ చదువు చెప్పావు. నీకెప్పుడూ థాంక్స్ చెప్పలేదు," అన్నాడు. గ్లెనిస్ పాలిపోయింది. మాంసం కొట్టు బారీ వస్తే, "నలభై ఏళ్ళు తిన్నానురా నీ దగ్గర. ఒక్కసారీ మోసం చెయ్యలేదు," అన్నాడు. బారీ బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు. పబ్బు యజమానురాలు వస్తే, "నీ బీరు బాగుంటుంది," అన్నాడు. ఆమె నా భుజం మీద పడి భోరుమంది.

ప్రతివాళ్ళూ నన్ను పక్కకి పిలిచి ఒకే మాట అడిగారు, ఇంకెన్నాళ్ళని. ప్రతివాళ్ళూ తలొంచుకుని, ఆ వంతుల్లో నా పేరు కూడా రాసుకో నోలీన్ అన్నారు. రేపు లెస్‌కి ఏమన్నా అయితే ఆ వేళకి ఎవరూ లేరన్న మాట ఎవడు మొయ్యగలడు? గ్లెనిస్ తిరిగొచ్చింది. బారీ, వాడి పెళ్ళాం ఇద్దరూ చేరారు. ఎనిమిది దాటి పదకొండు మందయ్యారు. నాకు ఏ ఒక్కరి పేరు రాసుకుంటున్నా సంతోషం లేదు. నేనూ వాళ్ళలాగే అనుకున్నాను మరి.

తట్టుకోలేక గుండె డాక్టర్ని గదిలో నిలదీశాను. "దాచకుండా చెప్పండి. ఎంతకాలం ఉంటాడు?"

ఆయన తెల్లబోయాడు. "అదేమిటమ్మా? రక్తనాళాలు శుభ్రంగా తెరుచుకున్నాయి. ఇరవై ఏళ్ళు గుండ్రాయిలా ఉంటాడు. ఎల్లుండి ఇంటికి తీసుకెళ్ళండి."

నేరుగా లెస్ మంచం దగ్గరికి పోయాను. వాడు తెర సందులోంచి నడవాలోకి తొంగి చూస్తున్నాడు.

"ఇంకెవరన్నా వచ్చారా?" అన్నాడు. "పోస్టాఫీసు వాడు రాలేదింకా. వాడికి మంచి మాట ఒకటి కూడబలుక్కుని ఉంచాను."

వాడి మొహం మండ! వాణ్ణి అక్కడే చంపి, నా అంబులెన్స్‌లోనే ఇంటికి తీసుకుపోదామనిపించింది.

"నీ సిగ్గు చితకా! ఊరంతా నీ కోసం ఏడుస్తోంది!"

"ఏడుస్తూ పేర్లు రాస్తున్నారుగా," అన్నాడు లెస్. "ఆ రోజు బండిలో ట్రెవ్ ఎలా తొక్కాడో చూశావా? ఒక్క థాంక్స్‌కే! అప్పుడే అనుకున్నాను. ఆ డాక్టర్ బాబు అన్నీ పట్టుకొచ్చాడు గానీ ఇది కనిపెట్టలేకపోయాడు. నువ్వు ఎవరికీ చెప్పకే. క్రిస్మస్ దాటనీ."

చెప్పలేదు. మొహం వేలాడేసుకుని ఊరంతా తిరిగాను. అడిగినవాళ్ళందరికీ, "ఏం చెప్పమంటావు," అని నిట్టూర్చాను. పై ఆఫీసు వాళ్ళు వచ్చి పేర్లు చూసి, అందరితో మాట్లాడి, బండి ఇక్కడే ఉంటుందని ఖాయం చేశారు. వాళ్ళ కారు ఊరు దాటిన సాయంత్రం లెస్ పబ్బుకి నడిచి వెళ్ళి, బారీ దగ్గర ఇన్నాళ్ళూ తిన్నది గొర్రె కాదు టైరని, అందుకే ట్రెవ్ కొట్లో సరుకు తగ్గుతోందని ప్రకటించాడు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలు లేచాయి. వాణ్ణి ఎత్తుకుపోయి గొర్రెల నీళ్ళ తొట్టిలో పడేశారు. ఒక్కడు కూడా పేరు తీసేయించుకోలేదు. తీసేయించుకుంటే వాడి నోట పడతారు.

పియర్స్ వీడ్కోలుకి వచ్చాడు. లెస్ థాంక్స్‌ల సంగతి రాసిన వాడి రిపోర్టు చదివి పై వాళ్ళు కృతజ్ఞత అద్భుతంగా పనిచేస్తుందని తేల్చుకున్నారట, రాష్ట్రంలో అన్ని ఊళ్ళకీ థాంక్స్ కార్డులు అచ్చు వేయిస్తున్నారట. వద్దని ఎంత చెప్పినా వినలేదట. ట్రెవ్ వాడి కారు టైర్లు ఉచితంగా మార్చి, "పో గడ్డిమైదానం, ఇంక రాకు, నీ లెక్కలు నా కుక్క కూడా నమ్మదు," అన్నాడు. పియర్స్ మొహం ముడుచుకుపోయింది. ఒక్క క్షణమే. తర్వాత నా వైపు చూసి, చెవుల దాకా నవ్వాడు.

కోతలు అయిపోయిన ఒక సాయంత్రం లెస్, నేను వరండాలో కూర్చున్నాం. మొండి చేల మీద ఇంకా వెలుగుంది. వాడు అప్పటికే నా వంట గురించి, నా అక్క గురించి, నేను బండి వెనక్కి తీసే తీరు గురించి అనాల్సినవన్నీ అనేశాడు.

"నోల్," అన్నాడు. "థాంక్సే."

"ఎందుకు?"

"అన్నిటికీ."

"పదకొండు మంది ఉన్నారు. ఇంకెవర్ని చేర్పించాలని?"

"ఎవర్నీ కాదు."

గబుక్కున వాడి చెయ్యి లాక్కుని మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. వాడు వదిలించుకోలేదు, జోకూ వెయ్యలేదు. నిమిషం పూర్తయ్యేదాకా చూశాను, మళ్ళీ మొదట్నుంచి చూశాను. నాడి నిక్షేపంలా కొట్టుకుంటోంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.